నాయనమ్మ పేరు

హెష్వాన్ 6, సోమవారం

మా చెల్లెలి కొడుకు అలూష్‌కు ఆడపిల్ల. తల్లీ బిడ్డా క్షేమం. దేవుడికి వందనం.

మా చెల్లెలు యిజ్జా నలభై ఆరేళ్ళకే నాయనమ్మ అయింది. ఒక్కగానొక్క కొడుకు, వాడికి తొలి బిడ్డ. శనివారం ప్రార్థనాలయంలో వాడిని తోరా గ్రంథం దగ్గరకు పిలిచి పిల్ల పేరు చదువుతారు. ఏం పేరని ఎవరూ అడగనక్కర్లేదు. తొలి ఆడపిల్లకు తండ్రి తల్లి పేరు. ఆవిడ బతికి ఉండగా పెడితే ఆవిడ ఆయుష్షూ పెరుగుతుంది.

ఈ పూట కీర్తనలు రెండు ఎక్కువ చదివాను.

హెష్వాన్ 7, మంగళవారం

పిల్లను చూసి వచ్చాను. నుదురు మావాళ్ళది.

మంచం తలవైపు కుర్చీలో జైరా కూర్చుని ఉంది. అలూష్ అత్తగారు కదా, బాలింత గదిలో కుర్చీ ఆవిడదే. మా యిజ్జా కింద చాప మీద కూర్చుని దానిమ్మకాయ వలుస్తోంది.

"శనివారానికి బాదం శర్బతు నేను చేస్తాను," అన్నాను. "చిన్న యిజ్జా పేరున."

జైరా దుప్పటి సర్దింది. సర్దే ఉన్న దుప్పటి.

"పేరు సంగతి ఇంకా అనుకుంటున్నాం వదినా."

"అనుకోవడానికేముంది?"

"లేకేం? తొలిచూలు. దానికి 'ఇంక చాలు' అని పేరు పెడితే వెనకాల రావలసినవాళ్ళు గుమ్మంలోంచే తిరిగి వెళ్ళిపోరూ? మా హదాస్‌కు ఇరవయ్యే. నాకు ఇంకో ఏడుగురు మనవలు కావాలి."

"అది పేరు వదినా. పేరుకు అర్థాలు ఎవరు చూస్తారు?"

"చూడకపోతే మీ ఇంట్లో ఎందుకు పెట్టారు? ఐదోది కూడా ఆడపిల్లేనని విసుగెత్తి పెట్టలేదూ? దీనికి షిరా అనుకుంటున్నాం. పాట అని. వినడానికి హాయిగా ఉంటుంది."

"షిరా ఎవరి పేరు? మీ అమ్మదా, మా అమ్మదా?"

"ఎవరిదీ కాదు. దానికి అదే మంచిది."

యిజ్జా ఎదుటే అంది ఈ మాట. చెవిటిదాని ఎదుట అన్నట్టు. యిజ్జా తల ఎత్తలేదు. గింజలన్నీ గిన్నెలో వేసి, గిన్నె కోడలి చేతికిచ్చి, తొక్కలు ఏరుకుని లేచింది. నేనైతే ఆ గిన్నె ఎవరి మీద బోర్లించేదాన్నో.

నోరు అదుపులో ఉంచమని పొద్దున్నే అడిగాను దేవుణ్ణి. ఉంచాడు.

హెష్వాన్ 8, బుధవారం

తమ్ముడు సాసీ కొట్టు తెరవబోయే ముందు వచ్చాడు, బ్రిక్ చుట్టుకునే పల్చటి పిండి రేకులు పట్టుకెళ్ళడానికి. నేను పొయ్యి దగ్గర ఉన్నాను. పిండి ముద్ద కాలిన పళ్ళానికి అద్ది తీస్తుంటే వాడు గడప మీద కూర్చుని నవ్వుతున్నాడు.

"ఊరంతా నీ గొడవే పెద్దక్కా. వెండి గాజులు కొనడానికి వచ్చినవాళ్ళు కూడా గాజులు మానేసి పేరు అడుగుతున్నారు."

"నువ్వేం చెప్పావు?"

"ఆ పేరే లేకపోతే నేనే లేనని చెప్పాను. చిన్నక్కకు చాలు అన్నారు, ఏడాది తిరక్కుండా నేను దిగాను. అలూష్‌కు ఏం తొందర? నలుగురు ఆడపిల్లలు పుట్టాక పెట్టుకోమను, అప్పుడు పనికొస్తుంది."

"నవ్వులాటగా ఉందా?"

"మరి ఏడవమంటావా?"

రేకులు కట్టి ఇచ్చాను. రెండు తక్కువ కట్టాను. కావాలనే.

ఆడదాని పేరు తాయెత్తు. కొడుకు పుట్టేదాకా మెడలో ఉండాలి, పుట్టాక తీసి గూట్లో పడెయ్యాలి. ఆ గూట్లోంచి తీసి మనవరాలికి ఇస్తామంటే మాత్రం ముక్కు మూసుకుంటారు. నాన్న పెట్టిన పేరు అది. తోరా ముందు నిలబడి పెట్టాడు. అందులో మైల ఏముంది?

అక్కచెల్లెళ్ళలో తక్కిన ముగ్గురూ సముద్రం దాటిపోయారు. ఇక్కడ యిజ్జా పక్షాన నేను తప్ప ఎవరున్నారు?

హెష్వాన్ 9, గురువారం

అలూష్‌ను పిలిపించాను. నిలబడే మాట్లాడాడు.

"మీ అమ్మ పేరంటే సిగ్గా నీకు?"

"సిగ్గు కాదు పెద్దమ్మా. హదాస్ ఏడుస్తోంది. పాలు తగ్గుతాయని అత్తయ్య నా మీద పడుతోంది."

"మీ అమ్మ ఏడవడం లేదని కదా నీ ధైర్యం? ఏడిచే వాళ్ళ మాటే చెల్లుతుందని నాకు తెలియక ఇన్నాళ్ళూ ప్రార్థన చేసుకున్నాను."

తల దించుకున్నాడు. గోళ్ళ కింద వెండి మెరుగు నలుపు. మేనమామ సాసీ కొట్లోనే పని.

"అమ్మను అడిగావా, పెద్దమ్మా?"

"దాన్ని అడగాలా? దాని మనసు నాకు తెలియదా? ఎత్తుకుని పెంచినదాన్ని."

సాయంత్రం కబురు పంపాడు. శనివారం అమ్మ పేరే చదివిస్తానని.

హెష్వాన్ 10, శుక్రవారం

దీపాలు పెట్టే వేళ అవుతోంది. శర్బతు వడకట్టాను. గెలిచానని రాయకూడదు. రాశాను.

హెష్వాన్ 12, ఆదివారం

నిన్న శబ్బాతు, విశ్రాంతి దినం. కలం పట్టకూడదు. పట్టగలిగితే ఈ పుస్తకం చిరిగిపోయేది.

జరిగింది జరిగినట్టు రాస్తాను. తోరా తీసే వేళకు ఆడవాళ్ళం కిటికీ బయట చేరాం. నేను ముందు వరస. జైరా కొత్త శాలువా కప్పుకుని నా పక్కనే, ఓడిపోయిన మొహంతో. యిజ్జా వెనక, గోడకు ఆనుకుని. అలూష్‌ను పిలిచారు. వెళ్ళాడు. చదివాడు. బాలింత ఆరోగ్యం కోసం దీవెన అయింది. నేను నాలుక అంగిలికి ఆనించి సిద్ధంగా ఉన్నాను, పేరు వినపడగానే అందరికంటే ముందు నాలుక ఆడించి శుభం కూత పెట్టాలని. వాడు ప్రార్థన చదివించే రబ్బీ పిన్హాస్ చెవిలో ఏదో చెప్పాడు. దిగి వచ్చేశాడు.

పేరు లేదు. పేరే చదవలేదు. నా నోరు తెరుచుకునే ఉంది. ఆడవాళ్ళంతా నా వంక చూశారు. జైరా కూడా చూసింది. ఆవిడకూ ఏమీ తెలియదని ఆ చూపులోనే తెలిసింది. అది ఇంకా మండించింది.

మధ్యాహ్నం యిజ్జా ఇంటికి వెళ్ళాను. గిన్నె మూత తీసి నాకే ముందు వడ్డించింది.

"వాడు నీ పరువు తీశాడు," అన్నాను.

"నేనే ఆపమన్నానక్కా. నిన్న దీపాలకు ముందు వెళ్ళి చెప్పాను."

"జైరాకు భయపడా?"

"జైరా వదిన నా మనసులో మాటే అంది. నేను అనలేనిది ఆవిడ అంది. తిను, చల్లారుతుంది."

నేను తినలేదు. అది తింటూనే చెప్పింది. గొంతు కూడా పెంచలేదు. బడిలో పేరు పిలిచినప్పుడల్లా పిల్లలు చేతులూపి 'చాలు, చాలు' అనేవాళ్ళట. పెళ్ళిపందిట్లో అత్తగారు పెద్దమనుషులతో, 'చూడండి, చాలు అన్నా వచ్చేసింది' అని నవ్వించిందట. అలూష్ తరవాత కడుపు నిలవకపోతే మంత్రసాని దగ్గర నుంచి మొగుడి దాకా అందరూ ఒకటే మాట, నీ పేరు నీ కడుపుకు వినపడింది అని. మొగుడు పోయేదాకా అదే వేళాకోళం.

"నాతో పోతుందిలే ఈ పేరు అని ఓర్చుకున్నానక్కా. దాన్ని పట్టుకెళ్ళి ఆ పసిగుడ్డు నెత్తిన పెడతానంటావు. నా గౌరవమట. ఒక్కసారి నన్ను అడిగావా?"

"మన ఆచారం..."

"అడిగావా?"

నేను లేచాను. గుమ్మం దాకా వచ్చాక అంది.

"అసలు ఆ పేరు ఎవరి నోట్లోంచి వచ్చిందో నాకు తెలియదనుకున్నావా?"

నాన్న పెట్టాడు ఆ పేరు. నాన్నే పెట్టాడు.

హెష్వాన్ 13, సోమవారం

వెనక్కి తిప్పి చూశాను. బుధవారం నాడు కూడా అలాగే రాసి ఉంది. నాన్న పెట్టిన పేరు అని. తోరా ముందు నిలబడి అని. అబద్ధం కాదు.

రేకులు వేయలేదు. అమ్మడానికి ఏమీ లేవని వచ్చినవాళ్ళను పంపేశాను. కీర్తనల పుస్తకం తెరిచి ఒకే పేజీ చూస్తూ కూర్చున్నాను.

అమ్మ కోరింది, నాన్న పెట్టాడు. అంతే అయి ఉంటుంది.

హెష్వాన్ 14, మంగళవారం

అమ్మ కోరలేదు. అమ్మ గోడవైపు తిరిగి పడుకుని ఉంది.

నాకు పన్నెండేళ్ళు. ఆ వారమే బడి మాన్పించారు. అయిదుగురు ఆడపిల్లల్లో పెద్దదాన్ని, బడికి వెళ్తే గుడ్డలు ఎవరు ఉతుకుతారు? అప్పుడే నాకు అక్షరాలు కూడబలుక్కోకుండా చదవడం వచ్చింది. నాయనమ్మ, అమ్మమ్మల పేర్లు నాకూ రెండోదానికీ అయిపోయాయి. మూడూ నాలుగూ మేనత్తలవి. ఐదోదానికి పేరు మిగల్లేదు. నాన్న గుమ్మంలో నిలబడి, ఏం పేరు పెడదామే అని అందరినీ అడిగాడు. నా చేతుల్లో తడి గుడ్డలు ఉన్నాయి. 'యిజ్జా అని పెట్టండి, ఇంక చాలు' అన్నాను. కోపంతో అన్నాను. దాన్ని చూడకుండానే అన్నాను. నా బడి పోయిన కోపం పుట్టి మూడు రోజులైన దాని మీద తీర్చుకున్నాను.

నాన్న నవ్వాడు. పసిపిల్ల నోట దేవుడు పలికించాడన్నాడు. శనివారం అదే చదివించాడు. ఏడాది తిరక్కుండా సాసీ పుట్టాడు. అందరూ నా గడ్డం పట్టుకుని ముద్దు పెట్టుకున్నారు. కమూనా నోటి చలవ అన్నారు. నోట్లో బాదం పలుకులు పోశారు. నమిలాను. ఇన్నేళ్ళూ పెళ్ళిళ్ళలో, పురుళ్ళలో ఎవరో ఒకరు ఆ మాట ఎత్తుతారు, నేను తల వంచుకుని నవ్వుతాను. యిజ్జా అక్కడే ఉంటుంది, పళ్ళాలు అందిస్తూ.

ఇంతకాలం ఏ మొహంతో ప్రార్థన చేశాను?

నాన్న మీద కూడా కోపంగా ఉంది. పన్నెండేళ్ళ దాని విసుగు పట్టుకెళ్ళి తోరా ముందు చదివిస్తాడా? పెద్దవాడు. ఒక్క దెబ్బ వేసి ఉంటే సరిపోయేది.

హెష్వాన్ 15, బుధవారం

వెళ్ళాను. చెప్పాను. యిజ్జా బట్టలు ఆరేస్తోంది, ఆపలేదు.

"అమ్మ చెప్పిందక్కా, పోయేముందు. నువ్వు ఎప్పుడు చెబుతావా అని చూశాను."

"తప్పు నాది."

"నీదే." క్లిప్పు పెట్టింది. "నాన్నదీను. ఇప్పుడు తప్పు నేనేం చేసుకోను? నాకు పేరు కావాలి."

"ఏం పేరు?"

"నాకు కొత్త పేరు పెట్టించండి. తోరా దగ్గర, నలుగురిలో. ఆ తరవాత ఆ పేరు పిల్లకు పెట్టమనండి. నాయనమ్మ పేరే అవుతుంది కదా. ఆచారం ఎక్కడికీ పోదు. హదాస్‌తో చెప్పాను, ఏడుపు ఆపింది."

రెండు రోజులు కూర్చుని ఆలోచించి ఉంటుంది ఇది. నేను దాన్ని నోరులేనిది అనుకున్నాను.

"పేరు ఎవరు చూడాలి?" అన్నాను.

"ముందు ఎవరు చూశారో వాళ్ళే."

హెష్వాన్ 16, గురువారం

పేరు మార్చడం ప్రాణం మీదికి వచ్చినవాళ్ళకే చేస్తారు. అందుకే రబ్బీ పిన్హాస్‌ను అడగాలి. శబ్బాతు వంటకు ఆచారం ప్రకారం గురువారం పొద్దున ఆయనే కోళ్ళు కోస్తాడు, దొరికేది అప్పుడే. నేనూ యిజ్జా చెరో కోడినీ పట్టుకుని వరసలో నిలబడ్డాం. ముందు ఎనిమిది మంది, వెనక జైరా. ఈ ఊళ్ళో ఏ రహస్యమైనా ఈ వరసలోనే చెప్పుకోవాలి.

ఆయన కత్తి గోటి మీద ఆనించి పదును చూసుకుంటూ విన్నాడు.

"పేరు మార్చేది జబ్బు మనిషికమ్మా. నీకేం జబ్బు?"

"పేరే," అంది యిజ్జా.

"అది జబ్బు కాదు."

"ఎవరైనా పిలిస్తే గుండె దడ వస్తుంది రబ్బీ గారూ. రోజుకు ఇరవైసార్లు పిలుస్తారు. నలభై ఆరేళ్ళు. మీరు లెక్క తెలిసినవారు."

వెనక నుంచి ఎవరో నవ్వారు. ఆయన నవ్వలేదు. కోడి ఈకలు పక్కకు తీసి మళ్ళీ ఆగాడు.

"మీ నాన్న ఆ పేరు చదివించిన రోజు నేను లోపలే ఉన్నాను. కుర్రవాణ్ణి. మేమందరం నవ్వాం." కత్తి తుడుచుకున్నాడు. "కొడుకును పంపించు. ముందు తల్లికి చదువుతాం, తరవాత బిడ్డకు."

నాకు అక్కడే చెప్పాలనిపించింది, నవ్వాం అని అంత తేలిగ్గా ఎలా చెప్పగలరని. మర్యాద అడ్డం వచ్చింది. ఈ ఊళ్ళో ప్రతివాడూ నవ్వినవాడే. ఏడిపించినవాడు ఒక్కడూ లేడు.

జైరా నా భుజం పట్టుకుంది.

"ఇంతకీ ఏం పేరు పెద్ద వదినా? మళ్ళీ ఏ ఇంక వద్దో, పోయిరా అనో కాదు కదా?"

"శనివారం వినండి."

"నా మనవరాలికి పేరు, నాకే చెప్పరా?"

"దాని నాయనమ్మకే చెప్పలేదు ఇంకా."

ఆవిడ కోడి నా చేతిని పొడిచింది. పొడవనిచ్చాను.

హెష్వాన్ 17, శుక్రవారం

నిన్నటి నుంచీ పేర్లు రాసి కొట్టేస్తున్నాను. అదృష్టం, సంతానం, దీర్ఘాయుష్షు, స్వాగతం. మన ఆడవాళ్ళ పేర్లలో అడగని పేరు దొరకడం లేదు. ప్రతి పేరూ ఆ పిల్ల చేత ఏదో ఒకటి తెప్పించాలని చూస్తుంది. ఇంటికి సిరి తే, వంశానికి కొడుకును తే, దిష్టి తీసుకుపో. ఏమీ తేనక్కర్లేని పేరు ఒక్కటి ఉండకూడదా?

ఒకటి దొరికింది. ఇక్కడ రాయను. మొదట తోరా దగ్గర వినపడనీ. అలూష్‌కు చెవిలో చెప్పాను. వాడు రెండుసార్లు అనుకుని చూసుకున్నాడు, మూడోసారి అనేటప్పుడు నవ్వాడు.

హెష్వాన్ 19, ఆదివారం

నెజ్మా.

నక్షత్రం. అది దేన్నీ తీసుకురాదు. పైన ఉంటుంది, అంతే.

నిన్న కిటికీ దగ్గర నేను వెనక నిలబడ్డాను. యిజ్జాను ముందుకు నెట్టాను. సారా, రిబ్కా, రాహేలు, లేయా తల్లులను దీవించినవాడు ఈ స్త్రీని దీవించుగాక అని రబ్బీ మొదలుపెట్టి, ఇకమీదట ఇశ్రాయేలులో ఈమె పేరు నెజ్మా అనగానే లోపల మగవాళ్ళు తలలు తిప్పి కిటికీ వైపు చూశారు. నవ్వే పని ఉందేమోనని. దొరకలేదు వాళ్ళకు. వెంటనే బిడ్డకు. నాయనమ్మ పేరున, నెజ్మా.

అందరికంటే ముందు కూత పెట్టింది జైరా. నాకు ఆ వరస కూడా దక్కలేదు. సరే.

చెల్లెలు ఏడవలేదు. కిటికీ ఊచలు పట్టుకుని లోపలికి చూస్తూనే ఉంది, అందరూ వెళ్ళిపోయాక కూడా.

"బాగుందా?" అన్నాను.

"ఇంకా తెలియదక్కా. పిలవండి, చూస్తాను."

హెష్వాన్ 20, సోమవారం

ఎవరూ పిలవడం లేదు. రొట్టెల కొట్టువాడు యిజ్జా అన్నాడు. నీళ్ళ దగ్గర ఆడవాళ్ళు యిజ్జా అన్నారు. సాసీ అయితే వీధి మొదట్లోంచే, "యిజ్జక్కా, నీకు పేరు మారిందటగా" అని అరిచాడు. వాడి బుద్ధి అంతే. చెల్లెలు ఎవరు పిలిచినా తిరిగి చూడటం లేదు. రొట్టె లేకుండా వచ్చింది. నలభై ఆరేళ్ళ అలవాటు ఒక్క రోజులో ఎలా పోతుందని నేను వాళ్ళ తరఫున మాట్లాడబోయాను. మీ నోటికి అలవాటు, నా చెవికి కాదు అంది.

హెష్వాన్ 21, మంగళవారం

పొద్దున అది నా వరండాలో మనవరాలిని ఒళ్ళో పడుకోబెట్టుకుని కూర్చుంది. హదాస్ స్నానానికి వెళ్ళింది. నేను లోపల పళ్ళెం మీద రేకు వేస్తున్నాను. పిండి గిన్నె వరండాలోనే ఉండిపోయింది.

"యిజ్జా, ఆ గిన్నె ఇలా అందుకో."

పలకలేదు. పాపను చూసుకుంటోంది అనుకున్నాను.

"యిజ్జా."

రేకు అంచులు ఎండుతున్నాయి. దానికి వినపడుతోంది. వరండా ఎంతని? నేనే పెట్టిన కొత్త పేరు, నేనే రాసి కొట్టేసి వెతికిన పేరు, నా నోట రాలేదు. కోపం వచ్చింది. దాని మీద అనుకున్నాను. రేకు మాడి వాసన వచ్చేదాకా అలాగే నిలబడ్డాను. దాన్ని ఎత్తి అవతల పారేశాను.

"నెజ్మా," అని పిలిచాను. కాస్త గట్టిగానే.

"ఏంటక్కా," అంది. పిల్లను భుజాన వేసుకుని గిన్నె తీసుకుని వచ్చింది. నా అరుపుకు పిల్ల కూడా లేచింది.